గంటల లెక్క జీతం, పురిటి సెలవు హక్కు

ఒకే డిపార్టుమెంటు, ఒకే సిలబస్, పక్కపక్క తరగతి గదులు. ఒక గదిలో పాఠం చెప్పే రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెలలు దగ్గరపడితే దరఖాస్తు పెట్టుకుంటారు, 180 రోజుల సెలవు పూర్తి జీతంతో మంజూరవుతుంది. రెండో గదిలోని గెస్ట్ ఫ్యాకల్టీ మాత్రం తాను వచ్చేసరికి తన వర్క్‌లోడ్ ఎవరి చేతిలో ఉంటుందోనని దిగులు పడుతుంది. రెగ్యులర్ వారికి దారి స్పష్టం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం సర్వీసులో రెండుసార్లు ఈ సెలవు వాడుకోవచ్చు. పీహెచ్‌డీ చేసే మహిళలకూ పరిశోధన కాలంలో ఒకసారి 240 రోజుల దాకా వెసులుబాటు ఉంది. చిక్కంతా కాంట్రాక్టు, పార్ట్ టైమ్, గెస్ట్ పేర్లతో పనిచేసే వారిది. మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఎన్నో డిపార్టుమెంట్లు నడుస్తున్నది వీరి భుజాల మీదే.

‘కాంట్రాక్టు వాళ్లకు మెటర్నిటీ లీవ్ ఉండదమ్మా’ అన్న మాట వీరిలో చాలామంది విని వెనక్కి వచ్చినవారే. అది చట్టం చెప్పే మాట కాదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఉద్యోగం పర్మనెంటా అని అడగలేదు. ప్రసవ అంచనా తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేశారా అని మాత్రమే అడిగింది. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు 26 వారాలు వచ్చాయి, అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు. 2025 నవంబరు 21 నుంచి ఈ హక్కులు సామాజిక భద్రత కోడ్‌లో భాగమయ్యాయి. మస్టర్ రోల్ మీద దినకూలీకి పనిచేసే మహిళలకు సైతం ఈ ప్రయోజనం దక్కాలని సుప్రీంకోర్టు ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో 2000లోనే చెప్పింది. మట్టి మోసిన తల్లికి వర్తించిన న్యాయం పాఠం చెప్పే తల్లికి వర్తించదా?

ఇక డబ్బు లెక్క. చాలామంది మోసపోయేది ఇక్కడే. సెలవుకు ముందు మూడు నెలల్లో పనిచేసిన రోజులకు వచ్చిన సగటు రోజు వేతనం ప్రాతిపదికగా చెల్లించాలి. గంటల లెక్కన తీసుకునే ఒక లెక్చరర్ ఆ మూడు నెలల్లో 60 రోజులు తరగతులు చెప్పి రూ.90 వేలు అందుకుందనుకుందాం. సగటు రోజుకు రూ.1,500. సెలవులోని ఆదివారాలకూ డబ్బు కట్టాల్సిందేనని 1977లో ఒక తోట కార్మికురాలి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి 26 వారాలంటే 182 రోజులు. మొత్తం రూ.2,73,000. అదే ఆఫీసు బిల్లుల సెక్షన్‌లో ఎవరైనా 60కి బదులు 90తో భాగించారా, చేతికొచ్చేది రూ.1,82,000. ఒక్క భాగహారంలో రూ.91 వేలు పోతాయి. పచ్చి బాలింత చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని ఈ లెక్క సరిచూసుకునే స్థితిలో ఉండదు. అందుకే సెలవు పెట్టకముందే రెమ్యూనరేషన్ బిల్లుల నకళ్లు, హాజరు పట్టీ నకలు తీసి ఇంట్లో పెట్టుకోవాలి.

‘మీ కాంట్రాక్టు ఏప్రిల్‌తో అయిపోతుంది, సెలవూ అక్కడితో సరి’ అనేది మరో మాట. ఢిల్లీలో ఒక కాంట్రాక్టు డాక్టరుకు అచ్చం ఇలాగే జరిగింది. ఆమె 2017 జూన్ 1 నుంచి 26 వారాల సెలవు అడిగితే, కాంట్రాక్టు గడువు ముగుస్తోందని 11 రోజులే ఇచ్చారు. 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచి, గడువు తీరినా ప్రసూతి ప్రయోజనం ఆగదని స్పష్టం చేసింది. ఏటేటా రెన్యువల్ మీద బతికే లెక్చరర్లకు ఇంతకంటే పెద్ద ఆసరా లేదు.

అయినా హక్కు కాగితం మీదే ఎందుకు ఉండిపోతోంది? భారమంతా యజమాని మీదే పడేలా మన చట్టం ఉండటం అసలు కారణమని నా అభిప్రాయం. ప్రభుత్వం ఏటా ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకే సరిపోని విశ్వవిద్యాలయంలో ఒక గర్భిణి దరఖాస్తు అదనపు ఖర్చులా కనిపిస్తుంది. మరుసటి ఏడాది ఆమె పేరు జాబితాలో ఉండదు. దీన్ని ఏ కోర్టులో నిరూపించగలం? ప్రసూతి వేతనాన్ని యజమాని ఒక్కడి నెత్తిన వేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒడంబడిక చెబుతోంది. భారత్ దాన్ని ఆమోదించలేదు. రాష్ట్రాలు మాత్రం ఈ ఖర్చును బ్లాక్ గ్రాంటులో విడిగా చూపించి చెల్లిస్తే, ఆమెను వదిలించుకోవాలన్న ఆలోచనకు డబ్బు సాకు ఉండదు. అప్పటిదాకా ప్రతి దరఖాస్తూ రాతపూర్వకంగా, ఆఫీసులో అందినట్టు వేసే ఇన్‌వర్డ్ నంబరుతో ఇవ్వాలి. నోటిమాటగా ‘కుదరదు’ అన్నవారు ఆ మాటను కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి.