దుబాయ్‌లో అందుబాటు ఫీజు బడి: తూకం ఎక్కడ వేయాలి?

దుబాయ్‌కి కుటుంబాన్ని తీసుకువెళ్లాలనుకునే మధ్యతరగతి ఉద్యోగికి వీసా ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. నెలకు 4,000 దిర్హాముల జీతం ఉన్నా, 3,000 దిర్హాములతో పాటు వసతి ఉన్నా భార్యాపిల్లలను స్పాన్సర్ చేయవచ్చునంటూ యూఏఈ 2019లోనే నిబంధనను సడలించింది. అసలు లెక్క బడి దగ్గర మొదలవుతుంది. అక్కడ ప్రవాసుల పిల్లల్లో అత్యధికులు చదివేది ప్రైవేటు బడుల్లోనే. వారి చదువు ఖర్చు భరించాలని కార్మిక చట్టం యజమానిని నిర్బంధించదు. కంపెనీ దయతలచి ఎడ్యుకేషన్ అలవెన్స్ ఇస్తే సరి, లేకపోతే ఆ భారమంతా జీతం మీదే పడుతుంది.

నెలకు 10,000 దిర్హాములు సంపాదించే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇద్దరు పిల్లలను ఏడాదికి 12,000 దిర్హాముల ఫీజున్న బడిలో చేర్పిస్తే వార్షికాదాయంలో ఐదో వంతు అక్కడికే పోతుంది. అదే 40,000 దిర్హాముల బడిని ఎంచుకుంటే మూడింట రెండు వంతులు పోతుంది, మిగిలినదానితో దుబాయ్‌లో అద్దె కట్టడమే గగనమవుతుంది. బస్సు ఫీజు, పుస్తకాలు, 5 శాతం వ్యాట్‌తో వచ్చే యూనిఫారాలు దీనికి అదనం. అందువల్ల చాలా తెలుగు కుటుంబాల ముందు ‘మంచి బడా, చౌక బడా’ అన్న ప్రశ్నే ఉండదు. చౌక బడుల్లో ఏది మంచిదన్నదే వారి ప్రశ్న, అది మొదటిదానికంటే కష్టమైనది.

ఈ ఎంపికకు దుబాయ్ ప్రభుత్వ విద్యా నియంత్రణ సంస్థ కేహెచ్‌డీఏ కొంత సాయం చేసింది. 2008-09 నుంచి బడులను తనిఖీ చేసి ‘అవుట్‌స్టాండింగ్’, ‘గుడ్’ వంటి శ్రేణుల్లో రేటింగ్‌లు ఇచ్చింది, నివేదికలను అందరికీ అందుబాటులో ఉంచింది, ప్రతి బడి ఫీజునూ బహిరంగం చేసింది. ఫీజుల పెంపునకూ కళ్లెం వేసింది. 2025-26 విద్యా సంవత్సరానికి గరిష్ఠ పెంపు 2.35 శాతం. తల్లిదండ్రులకు ఇది నిజమైన రక్షణ. మన రాష్ట్రాల్లో కార్పొరేట్ బడుల ఫీజుల మీద ఏళ్ల తరబడి నడుస్తున్న వివాదాలను చూసినవారికి దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఈ రక్షణకు ఇంకో ముఖం ఉంది. 2.35 శాతం అంటే 80,000 దిర్హాముల బడికి ఒక్కో విద్యార్థి మీద 1,880 దిర్హాములు అదనంగా వస్తాయి. 6,000 దిర్హాముల బడికి వచ్చేది 141 దిర్హాములే. ఏసీ బిల్లు, బస్సు డీజిలు, ఉపాధ్యాయుల ఇంటద్దె మాత్రం రెండు బడులకూ ఒకే నగరంలో, ఒకే తీరున పెరుగుతాయి. పెంపు శాతాల్లో లెక్కిస్తారు కనుక చౌక బడి ఏటికేడు మరింత ఇరుకున పడుతుంది. బడి ఖర్చులో పెద్ద భాగం జీతాలే కాబట్టి ఆ ఒత్తిడి చివరికి ఉపాధ్యాయుల మీదికే చేరుతుంది: జీతం పెరగదు, సెక్షన్‌లో పిల్లల సంఖ్య పెరుగుతుంది, అనుభవం వచ్చిన టీచరు పక్కనే ఉన్న ఖరీదైన బడికి మారిపోతారు. యాజమాన్యం చెడ్డదైతేనే ఇలా జరుగుతుందని అనుకోనక్కర్లేదు. తక్కువ ఫీజు అన్న ఏర్పాటులోనే ఆ ప్రమాదం ఉంది.

అందుకే తనిఖీ నివేదికలో రేటింగ్ కంటే ముందు చూడవలసిన అంకె ఒకటుందని నా అభిప్రాయం. ఉపాధ్యాయుల సంఖ్య, టీచరుకు ఎంతమంది విద్యార్థులన్న నిష్పత్తి ఇచ్చే చోటే, ఏటా ఎంత శాతం ఉపాధ్యాయులు మారుతున్నారన్నదీ ఆ నివేదికల్లో ఉంటుంది. తల్లిదండ్రుల కళ్లు ఈతకొలను మీద, స్మార్ట్ బోర్డుల మీద పడ్డంతగా ఆ అంకె మీద పడవు. రేటింగ్ ‘గుడ్’ దగ్గర ఆగిపోయినా, నిష్పత్తి కొంచెం ఎక్కువగా ఉన్నా, ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి నిలిచిన బడిలో పిల్లవాడి చదువుకు ఒక వరుస ఉంటుంది. పైగా కేహెచ్‌డీఏ 2024-25 నుంచి కొత్త బడులకు తప్ప మిగతావాటికి పూర్తి తనిఖీలు ఆపింది. అంటే ఇప్పుడు చేతికి వచ్చే రేటింగ్ పాతది, ఆ తర్వాత బడి ఎలా నడుస్తోందో అక్కడికి వెళ్లి అడిగి తెలుసుకోవలసిందే.

ఇక ‘ఇంటర్నేషనల్’ అన్న మాట. గల్ఫ్‌లో రకరకాల సిలబస్‌ల బడులు ఆ మాటను పేరులో పెట్టుకుంటున్నాయి. తక్కువ ఫీజుకు బ్రిటిష్ కరిక్యులం చెబుతామనే బడులు మన కుటుంబాలను బాగా ఆకర్షిస్తున్నాయి. రేపు కెనడాకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోవాలని నిశ్చయించుకున్న కుటుంబానికి అది సమంజసమే కావచ్చు. కానీ పదేళ్ల తర్వాతైనా హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి రావాలనుకునే కుటుంబం పేరు కోసం సిలబస్ మార్చడం నాకు సరైనదిగా తోచదు. బ్రిటిష్ పద్ధతిలో చదివి ఇంటర్ మధ్యలో వచ్చే పిల్లవాడు ఇక్కడ జేఈఈ కోసం ఎనిమిదో తరగతి నుంచే సాధన చేస్తున్న పిల్లల పక్కన కూర్చోవలసి వస్తుంది. దుబాయ్‌లో భారతీయ సిలబస్ బడులు ఏప్రిల్‌లో, బ్రిటిష్ బడులు సెప్టెంబరు ప్రాంతంలో తెరుస్తారు గనుక నడుమ మారితే కొన్ని నెలలు కూడా చేజారతాయి. 1961లో మొదలైన ది ఇండియన్ హైస్కూల్ వంటి లాభాపేక్ష లేని బడుల్లో సీటు దొరికితే పేరులో ఇంటర్నేషనల్ లేదని వెనకాడవలసిన పని లేదు.

తిరిగి రావడం అన్న మాట దగ్గర మరికొంత ఆగాలి. తెలుగు తల్లిదండ్రులు ఆలస్యంగా గుర్తిస్తున్న చిక్కు ఇక్కడే ఉంది. మెడికల్ సీట్లలో స్థానికత కావాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ, అంటే 9 నుంచి 12 వరకు, వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్థానికతకు ప్రధాన కొలమానం నాలుగేళ్ల చదువు. తండ్రి కరీంనగర్ వాడైనా, తాతల ఇల్లు అక్కడే ఉన్నా, పిల్ల తొమ్మిదో తరగతి దుబాయ్‌లో చదివితే స్థానిక కోటా ప్రశ్నార్థకమవుతుంది. నీట్ దుబాయ్ కేంద్రంలోనే రాయవచ్చు, కానీ పరీక్షా కేంద్రం స్థానికతను తెచ్చిపెట్టదు. ఇక ఎన్నారై కోటా ఫీజు అంటారా, అది 10,000 దిర్హాముల జీతానికి అందేది కాదు.

ఇంజనీరింగ్‌కు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఎన్‌ఐటీల్లో ప్రవేశానికి విదేశాల్లో చదివేవారి కోసం ఉన్న దాసా పథకంలో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకు ఉండి, 11, 12 తరగతులు విదేశంలో చదివినవారు దాని కింద పోటీ పడవచ్చు, ట్యూషన్ ఫీజు భారతీయ విద్యార్థులతో సమానంగా కడితే చాలు. కాబట్టి పిల్లవాడి మొగ్గు లెక్కల వైపుంటే పన్నెండో తరగతి దాకా గల్ఫ్‌లో ఉండటం మేలు కావచ్చు. అమ్మాయి డాక్టరు కావాలనుకుంటే ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోపే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. పదమూడేళ్ల పిల్లలతో ఈ నిర్ణయం చేయించవలసి రావడం బాధాకరమే. ఊరిని వదిలి వెళ్లినవారి పిల్లలను పరాయివారిగా లెక్కగట్టే నిబంధనలు, వారి డబ్బుతో ఎదిగిన జిల్లాలకు న్యాయంగా లేవని నేను గట్టిగా నమ్ముతాను. కానీ నిబంధన మారేదాకా దాన్ని లెక్కలో వేసుకోక తప్పదు.

సౌదీలో ఖర్చు మరో దారిలో వస్తుంది. రియాద్, జెద్దాల్లో భారత రాయబార కార్యాలయం ఆదరణలో నడిచే ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూళ్లు సామాన్య ఉద్యోగికి అందుబాటులోనే ఉన్నాయి. అయితే కుటుంబ సభ్యుల మీద 2017 జూలైలో నెలకు 100 రియాళ్లతో మొదలైన లెవీ 2020 నాటికి 400కు చేరింది. భార్య, ఇద్దరు పిల్లలకు ఏడాదికి 14,400 రియాళ్లు. ఎందరో తండ్రులు కుటుంబాలను ఊరికి పంపి ఒంటరిగా మిగిలిపోవడానికి కారణం బడి ఫీజు కాదు, ఈ లెవీ.

భాష సంగతి కూడా బడి ఎంపికలో భాగమే. యూఏఈలో అరబిక్ తప్పనిసరి, దాని పక్కన రెండో భాషగా ఎక్కువగా దొరికేవి హిందీ, మలయాళం వంటివి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్ఈ బడుల్లో కూడా తెలుగు నేర్చుకోవాలి కాబట్టి ఏడో తరగతిలో తిరిగి వచ్చిన పిల్లవాడు అక్షరాల దగ్గర మొదలుపెట్టవలసి వస్తే అది ఆ వయసులో చాలా చిన్నబుచ్చే అనుభవం. వారానికి రెండు గంటలైనా ఇంట్లో ఎవరో ఒకరు తెలుగు చదివించాలి. ఆ పని ఏ బడీ చేయదు.

సీటు కోసం వెళ్లినప్పుడు ఫీజు పట్టికతో పాటు మూడు ప్రశ్నలు పట్టుకువెళ్లమని చెబుతాను. తొమ్మిదో తరగతికి గణితం ఎవరు చెబుతున్నారు? వారు ఈ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నారు? ఉద్యోగం పోయి నడి సంవత్సరంలో వెనక్కి వెళ్లవలసి వస్తే టీసీ ఎన్ని రోజుల్లో ఇస్తారు, కట్టిన ఫీజులో ఎంత తిరిగి వస్తుంది? చివరి ప్రశ్నకు జవాబు కాగితం మీద తీసుకోవాలి.