పాత ఎజ్డీ మోటార్ సైకిల్‌ని మళ్ళీ నడిపించదలచిన అల్లుళ్ళకు విజ్ఞప్తి

చట్టాలు రాసేవాళ్ళకి జనం బాధలు తెలియవని ఒక అపవాదు ఉంది. 2021 జులైలో వింటేజ్ వాహనాల మీద కేంద్రం తెచ్చిన నిబంధనలు చదివినవాళ్ళెవరూ ఆ మాట అనరు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన బండికి 20,000 రూపాయలు కట్టి వింటేజ్ హోదా తెచ్చుకోవచ్చు. హోదా పదేళ్ళు ఉంటుంది. అయితే ఆ బండి మీద రోజూ ఆఫీసుకి పోకూడదు, కూరగాయలకి పోకూడదు. ప్రదర్శనకీ ర్యాలీకీ పోవచ్చు. పెట్రోలు పోయించుకోడానికి, రిపేరు చేయించుకోడానికి పోవచ్చు.

ఇంత డబ్బు పోసి బాగు చేయించిన బండిని నడపకూడదా అని కొందరు గొణిగారు. వీళ్ళెవరూ పాత బండి చేయించినవాళ్ళు కారు. చేయించినవాళ్ళకి తెలుసు, ఆ బండి పోయేది ఎలాగూ పెట్రోలు బంకుకీ మెకానిక్ షెడ్డుకీ మాత్రమేనని. ఢిల్లీలో ఆ వాక్యం రాసిన అధికారి ఎవరోగానీ, ఆయన పెరట్లో గోనెపట్టా కప్పిన బండి ఒకటి ఉండే ఉంటుంది.

బెంగళూరు తెలుగువాళ్ళకి ఈ పాత బండి జబ్బు సాధారణంగా సంక్రాంతికి అంటుకుంటుంది. అల్లుడు హిందూపురం వైపు అత్తారింటికి పోతాడు. తిన్నది అరగక దొడ్లోకి నడుస్తాడు. అక్కడ శనక్కాయ పొట్టు మూటల వెనక 1974 ఎజ్డీ కనిపిస్తుంది. మామగారు దాని సీటు మీద దుమ్ము తట్టి, "నిలబెట్టిన పొద్దు బాగా తిరుగుతాండె నాయనా" అంటారు. ఈ దేశంలో మూలపడ్డ బండ్లన్నీ నిలబెట్టిన రోజున బాగా తిరుగుతున్నవే. చెడిపోయినందుకు బండి నిలబెట్టిన మనిషి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. అంత బాగా తిరిగేదాన్ని పాతికేళ్ళు ఎందుకు నిలబెట్టారని అల్లుడు అడగడు. పండగపూట అలాంటివి అడగరు. టెంపో మాట్లాడతాడు.

మారతహళ్ళిలో టెంపో దిగగానే అందరూ చేసే మొదటి పని కిక్కు కొట్టడం. దీనికి శాస్త్రం ఒప్పుకోదు. ఇన్నేళ్ళలో సిలిండర్ లోపల తుప్పు పట్టి పిస్టన్ రింగులు అతుక్కుపోయి ఉంటాయి. బలంగా తొక్కితే రింగులైనా విరుగుతాయి, సిలిండర్ లోపలి గోడైనా గీసుకుపోతుంది. ప్లగ్గు విప్పి, ఆ కన్నంలోంచి కాస్త డీజిలూ ఇంజిన్ ఆయిలూ పోసి, కొన్నాళ్ళు వదిలేయాలి. మొత్తం వ్యవహారంలో అల్లుడికి బాగా నచ్చే ఘట్టం ఇదే. ఏం చేస్తున్నావని ఎవరడిగినా "నానుతోంది" అని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

మిగతావన్నీ మామూలే. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి, జిగురు మాత్రం కార్బురేటర్ సన్నటి కన్నాల్లో గడ్డకట్టి ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు మూడు తరాలు కాపురం చేసి ఉంటాయి. ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే పాయింట్లు ఎమెరీ కాగితంతో రుద్దుకోవచ్చు, టైర్లు పారేయొచ్చు. అసలు దెబ్బ కొట్టేది క్రాంక్ ఆయిల్ సీల్. టూ స్ట్రోక్ ఇంజిన్ ఊపిరి కింది కేసులోంచే తీసుకుంటుంది. రబ్బరు సీలు ఎండి పగిలితే ఆ సందులోంచి దొంగగాలి చొరబడుతుంది. పెట్రోలు వాటా తగ్గుతుంది, దాంతోపాటు పోయే ఆయిల్ కూడా తగ్గుతుంది, ఇంజిన్ కాగిపోయి పట్టేస్తుంది. వంద రూపాయల వస్తువు కోసం ఇంజిన్ రెండు చెక్కలూ విప్పాలి. విప్పాక మెకానిక్ లోపలికి చూసి నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పుకి విడిగా చార్జీ ఉంటుంది.

ఇక పార్టులు. ఎజ్డీలు చేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. ఒరిజినల్ పార్టులు మాత్రం బెంగళూరు జేసీ రోడ్డులో ఇప్పటికీ వేడివేడిగా దొరుకుతున్నాయి. చేతికి ఇంకా ఆరని పెయింటు అంటుకుంటే కంగారు పడకూడదు. పాత స్టాకే. శివాజీనగర్ గుజిరీలో, అంటే పాత సామాన్ల బజారులో అయితే ఇంకా పాత స్టాకు దొరుకుతుంది, ఒక్కోసారి ఎవరిదో పేరు చెక్కి మరీ.

'ఓ స్త్రీ రేపు రా' అని గోడ మీద రాసి దెయ్యాన్ని వాయిదా వేసిన ఊళ్ళు మనవి. బెంగళూరు మెకానిక్ అదే మంత్రాన్ని కన్నడంలో, నోటితో చెబుతాడు: "నాళె బన్ని సార్." మనిషి మంచివాడు. బండి ఆయన షెడ్డులో ఉన్నన్నాళ్ళూ మనకి వచ్చే కష్టం ఏమీ లేదు. కష్టమంతా బండి స్టార్టయ్యాకే.

స్టార్టయిన రోజున జంట సైలెన్సర్లలోంచి వచ్చిన పొగకి దోమల మందు బండి వచ్చిందనుకుని అపార్ట్‌మెంట్‌లో కిటికీలు మూసుకుంటారు. సాయంత్రానికి అసోసియేషన్ నోటీసు. సరే, రోడ్డెక్కుదాం. కిక్కు రాడ్డునే లోపలికి నొక్కి ముందుకి తిప్పితే గేరు రాడ్డవుతుంది. ఆ రోజుల్లో అలా ఒక ఇనప ముక్క మిగిల్చారు మహానుభావులు. ఎదురుగాలి తగిలితేనే చల్లబడే ఇంజిన్ అది. సిల్క్ బోర్డు జంక్షన్లో ఎదురుగాలి ఎక్కడుంటుంది? ముందు బస్సు, వెనక క్యాబు, కింద కాగుతున్న ఇంజిన్. ట్యాంకులో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఆ మాటే ఎరగని పాత రబ్బరు గొట్టాలు. బండి మళ్ళీ షెడ్డుకే. చట్టం అనుమతించిన ప్రయాణమే కనక పోలీసులు ఆపినా భయం లేదు.

హోదాకి మరో మెలిక ఉంది. బండి మూలరూపంలోనే ఉండాలి, భారీ ఎత్తున మరమ్మతు జరిగి ఉండకూడదు. అంటే ఖర్చు కాగితాలు బయటపడకూడదు. అల్లుడు వాటిని భార్యకి కనపడకుండా ముందే దాచాడు. ఒక్క దాపరికంతో ఇంటినీ ఆర్టీఓనీ గెలవొచ్చు. దరఖాస్తుకి జతచేయాల్సిన పాత ఆర్‌సీ మాత్రం మామగారి పేరిట, మామగారి ట్రంకు పెట్టెలో ఉంది.

ఆ పెట్టె తెరిపించేలోపే మొదలవుతుంది అసలు కథ. జులై రెండో ఆదివారం జావా ఎజ్డీ దినానికి మెరిసే ట్యాంకు పక్కన దిగిన ఫొటో అల్లుడు ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. తుప్పు పట్టినన్నాళ్ళూ దానికి వారసుడు లేడు. మెరిసిన పది నిమిషాలకి అనంతపురం నుంచి బావమరిది ఫోన్: "బావా, నాయన బండి కదా, పైవారం వచ్చి తోలుకుపోతా." కేంద్రం దీని మీద ఒక్క ముక్కా రాయలేదు. రాసేదాకా అనుభవజ్ఞులు ఒక పద్ధతి పాటిస్తున్నారు. బండి స్టార్టయిన సాయంత్రమే ప్లగ్గు విప్పి జేబులో వేసుకుని, ఫొటోలు తీయడానికి వచ్చిన పిల్లల్ని పైకి పంపేసి, కన్నంలో కాస్త డీజిలు పోస్తారు. పైవారం బావమరిది వస్తే చెప్పడానికి మాట సిద్ధంగా ఉంటుంది: "నానుతోంది బావా."