నూట ఇరవై గుర్రాలు, ఒక అండర్ బ్రిడ్జి

రొయ్యకి రేటొచ్చిన ఏడాది నెల్లూరు జిల్లా కుర్రాళ్ళకి టార్క్ మీద, అంటే ఇంజను లాగుడు బలం మీద, ఆసక్తి పెరుగుతుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు పట్టుబడి అయిపోయి డబ్బు చేతికి రాగానే ఇంట్లో కారు మాట వస్తుంది. తండ్రి బుర్రలో మైలేజీ, కొడుకు బుర్రలో టర్బో, అంటే ఇంజనులోకి గాలి ఎక్కించి బలం పెంచే ఫ్యాను. ఇంత పెద్ద సమస్యను ఏ మేధావీ పట్టించుకోలేదు గనక ఆ బరువు నేనే ఎత్తుకుంటున్నాను.

ముందు అభ్యర్థుల సంగతి. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌ది ఒక లీటరు టర్బో ఇంజను, పవర్ 120 పీఎస్ (అంటే నూట ఇరవై గుర్రాలు), టార్క్ 172 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు). 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్‌ది 1.2 లీటర్ల టర్బో. పవర్ అదే 120, టార్క్ 170. అంటే తేడా అక్షరాలా రెండు న్యూటన్ మీటర్లు. ఆ రెండింటి కోసం మాగుంట లేఅవుట్ టీ బంకుల దగ్గర చిన్ననాటి స్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ వర్గం వేరే ఉంది. 2022లో కంపెనీ పోలోని ఆపేసినా వాళ్ళు ఆపలేదు. సెకండ్ హ్యాండ్‌లో కొని, కనపడిన ప్రతివాడికీ డోరు వేసి చూపించి, "ఆ సౌండు విన్నావాన్నా?" అంటారు. ఇంజను సౌండు కాదు, డోరు సౌండు. 2017 నాటి మారుతి బలెనో ఆర్ఎస్‌కి ఆ పాటి వర్గం కూడా మిగల్లేదు, పాపం.

ఇంతకీ ఈ కార్లన్నీ పొడవులో నాలుగు మీటర్ల లోపలే ఎందుకు ఆగిపోయాయి? రేస్ ట్రాక్ మీద ఎవరో చెమటోడ్చి తేల్చిన కొలత అనుకునేరు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లు, 1200 సీసీ లోపు పెట్రోలు కారుకి పన్ను తగ్గించారు. అప్పటి నుంచి మన స్పోర్ట్స్ కారుకి బంపరు ఎక్కడ ఆగాలో పన్నుల శాఖే చెబుతోంది.

పనితనం కొలవడం నెల్లూరు, ప్రకాశం జిల్లాలకి కొత్తేం కాదు. 75 కిలోల బరువును సెకనులో మీటరు ఎత్తు లేపితే ఒక పీఎస్ అని పుస్తకాల్లో ఉంది. ప్రకాశం జిల్లా తిరునాళ్ళలో అంత లెక్క అక్కర్లేదు. ఒంగోలు గిత్తల జతకి బండ కడతారు, టైము పెడతారు, ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. గిత్త కొమ్ములకి ఎర్రరంగు వేశారని అదనంగా నాలుగడుగులు కలపరు. మన కారు సమీక్షల్లో మాత్రం సీటుకి ఎర్రదారం కుట్టు, ముందు బ్రేకు డిస్కుల్ని పట్టి ఆపే క్యాలిపర్లకి ఎర్రరంగు ఉంటే బండి అప్పటికే సగం దూరం లాగేసినట్టు.

ఇక సున్నా నుంచి వందకి పది సెకన్లా, పదకొండా అన్న గొడవ. 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి తొక్కారే అనుకుందాం. 80 దాటగానే బండి నిమిషానికోసారి కూస్తుంది, 120 దాటితే ఆపకుండా కూస్తుంది. 2019 జూలై నుంచి తయారైన ప్రతి కారుకీ ఆ అలారం తప్పనిసరి. డబ్బిచ్చి పరుగు కొన్నాం, అందులోనే మందలించే పెద్దమనిషినీ కూర్చోబెట్టి ఇచ్చారు. అయినా తెగించి ఆ ఒక్క సెకనూ మిగిల్చుకుంటే, వెంకటాచలం టోల్‌గేటు దగ్గర ముందు బండి ఫాస్టాగ్‌లో డబ్బుల్లేక డ్రైవరు కిందికి దిగి ఫోనులో రీచార్జి చేస్తుంటాడు. కృష్ణపట్నం లారీలు వెనక నిలబడి హారన్లు కొడుతుంటాయి. మన సెకను అక్కడ వడ్డీతో సహా పోతుంది.

ఊళ్ళో కథ ఇంకా వేరు. వాన పడితే అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలుస్తాయి. అప్పుడు పోటీ 172కీ 170కీ మధ్య కాదు. ముందు పోయిన ఆటో సైలెన్సరు ఎంతవరకు మునిగిందో చూసి దిగేవాడికీ, చూడకుండా దిగేవాడికీ మధ్య.

అందుచేత కారు కంపెనీలు బండిని ట్రాకు మీద కాకుండా రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండింటికి, ట్రంకు రోడ్డులో పరీక్షించాలని డిమాండ్ చేస్తున్నాను. వెనక సీట్లో మోకాళ్ళ నొప్పులున్న ఒక నాయనమ్మ, ఆమె ఒళ్ళో పులుసు గిన్నె. చుక్క ఒలక్కుండా ఎన్ని స్పీడ్ బ్రేకర్లు దాటితే అన్ని మార్కులు. ఈ పద్ధతిలో ఆల్ట్రోజ్ రేసర్ గెలవచ్చు, ఇంజను వల్ల కాదు, ముందు సీట్లలోంచి చల్లగాలి వస్తుంది గనక. మే నెల నెల్లూరులో వీపు తడవకుండా దిగడాన్ని మించిన పర్ఫార్మెన్స్ నాకు తెలీదు. నాయనమ్మకి ఆ గాలి రాదనుకోండి, ఆమె అభిప్రాయం కంపెనీ అడగలేదు.

మొన్న మా వీధిలో ఒక ఇంట్లో ఈ చర్చ ముగిసింది.

"టర్బో నాయనా, తొక్కితే లాగుద్ది."

"తొక్కకపోతే?"

"తొక్కకపోతే మామూలుగా పోద్ది."

"అయితే మామూలుదే తీసుకుందాం అబ్బయ్యా."

స్విఫ్ట్ సీఎన్‌జీ వచ్చింది. దాదాపు 70 పీఎస్, డిక్కీ నిండా సిలిండరు. రెండో రోజే కుర్రాడు బండిని మినీ బైపాసులో స్టిక్కర్ల షాపుకి తోలుకెళ్ళి చక్రాల లోపల ఎర్రరంగు కొట్టమన్నాడు. "వెనక డిస్కుల్లేవు, డ్రమ్ములే కదా?" అన్నాడు షాపతను. "వాటిక్కూడా కొట్టన్నా, కంపెనీది అనుకోవాల."