రాబోయే పుస్తకం గడప దాకా రావాలంటే గ్రంథాలయం కదలాలి

తెలుగు రచయితలు ఇప్పుడు పుస్తకం అచ్చుకు వెళ్లకముందే దాని గురించి చెబుతున్నారు. మొదట ముఖచిత్రం ఫేస్‌బుక్‌లో కనిపిస్తుంది. వారం తిరక్కుండా రెండు పేజీల భాగం వస్తుంది, ఆ వెనుకే ఆవిష్కరణ సభకు ఆహ్వానం. కొత్త సంవత్సరం రాగానే ఆ ఏడాది తేబోయే పుస్తకాల జాబితా ప్రకటించే రచయితలూ ఉన్నారు: ఒక నవల, ఒక కథల సంపుటి, వీలైతే ఒక అనువాదం. ఇదంతా సొంత డప్పు అని ఈసడించేవారితో నాకు పేచీ ఉంది. పత్రికల్లో సమీక్షల పేజీ కుంచించుకుపోయింది. 1978లో మొదలై నెలనెలా ఒక నవల ఇచ్చిన చతుర, దానితోపాటే పుట్టి కథలు పంచిన విపుల 2021లో ఆగిపోయాయి. కొత్త పుస్తకం కబురు పాఠకుడికి చేరవేసేవారే కరువైనప్పుడు రచయిత ఆ పని భుజాన వేసుకుంటే తప్పేమిటి? అసలు తప్పు కబురు చేరిన తర్వాత జరుగుతోంది. కబురు వెళ్లినంత వేగంగా పుస్తకం వెళ్లడం లేదు. ఇంట్లోంచి కదల్లేని పాఠకుడికైతే చాలాసార్లు అసలు చేరడమే లేదు.

ఈ సంగతి మనకు 2020లోనే అర్థమై ఉండాల్సింది. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక పత్రికలు, చానళ్లు రచయితలకు ఫోన్లు చేసి ఇంట్లో ఏం చదువుతున్నారు, కొత్తగా ఏం రాస్తున్నారు అని అడిగాయి. వాళ్లు చక్కగా చెప్పారు. ఎప్పుడో కొని పక్కన పెట్టిన ఉద్గ్రంథాలు తిరగేస్తున్నామన్నారు, ఆగిపోయిన నవలను మళ్లీ పట్టాలెక్కించామన్నారు. విని సంతోషించాం. అయితే ఆ రచయితల ఇళ్లలో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పుస్తకాల బీరువాలున్నాయి. బోరబండలోనో మల్కాజిగిరిలోనో రెండు గదుల అద్దె ఇంట్లో చిక్కుకున్న పాఠకుడికి ఏముంది? ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకునేవాడికి ఆ ఫుట్‌పాత్ ఖాళీ అయింది. కోఠి పాత పుస్తకాల దుకాణాలు మూతపడ్డాయి. శాఖా గ్రంథాలయానికి తాళం పడింది. ఏప్రిల్ 21న కేంద్ర హోం శాఖ ఫ్యాన్ల దుకాణాలతో పాటు విద్యార్థుల పాఠ్యపుస్తకాల దుకాణాలకు అనుమతి ఇచ్చింది. మే 6న తెలంగాణలో మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. గ్రంథాలయాలు మాత్రం నెలల తరబడి తెరుచుకోలేదు. కథో కవిత్వమో చరిత్రో చదువుకుందామనుకునే మామూలు మనిషి గురించి ఎవరూ ఆలోచించలేదు. చదవవద్దని ఎవరూ అనలేదు, ఆ ఊసే ఎవరికీ తట్టలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పాలు, కూరగాయలు, మందులు ఇంటింటికీ చేర్చగలిగిన నగరం, తన సొంత గ్రంథాలయాల బీరువాల్లో ఉన్న పుస్తకాలను గుమ్మం దాకా పంపే ఏర్పాటు చేసుకోలేకపోయింది.

ఆ నెలల్లో వాట్సాప్ గ్రూపుల్లో పాత నవలల పీడీఎఫ్‌లు ఎలా తిరిగాయో గుర్తు చేసుకోండి. వంకరగా స్కాన్ చేసినవి, మధ్యలో నాలుగు పేజీలు ఎగిరిపోయినవి, పేజీ అంచున స్కాన్ చేసినవారి బొటనవేలు కూడా పడినవి. వాటిని సైతం జనం కళ్లు చికిలించుకుని ఫోనులో చదివారు, మిగతా భాగం ఎవరి దగ్గరైనా ఉందా అని అర్ధరాత్రి అడిగారు. తెలుగువాళ్లకు చదివే అలవాటు పోయిందని సభల్లో వాపోయేవారి మాట నేను నమ్మకపోవడానికి ఆ పేజీలే కారణం. కానీ అలా తిరిగినవాటిలో ఎక్కువ భాగం పాతవి. అప్పుడు రాస్తున్న రచయిత కొత్త పుస్తకం అందులో ఎక్కడో ఒకటి అరా ఉన్నా, దానివల్ల ఆ రచయితకు పైసా దక్కలేదు.

లాక్‌డౌన్ ముగిసిందని అనుకుంటున్నాం. నగరంలో చాలామందికి అది ముగియలేదు. మోకాళ్లు సహకరించని వృద్ధులు ఉన్నారు. పక్షవాతం వచ్చిన భర్తను వదిలి గంటసేపు బయటకు రాలేని భార్య ఉంది. నెలల బిడ్డతో ఉన్న తల్లి, చక్రాల కుర్చీలో మెట్లు దిగలేని యువకుడు, డయాలసిస్‌కు తప్ప గడప దాటని రోగి ఉన్నారు. మా కాలనీలో మూడో అంతస్తులో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఉంటారు. ఆ భవనానికి లిఫ్టు లేదు. కాళ్లు బాగున్న రోజుల్లో ఆమె గ్రంథాలయం నుంచి వారానికి రెండు పుస్తకాలు తెచ్చుకునేవారు. ఇప్పుడు ఆమె మంచం పక్కన స్టూలు మీద ఒక వారపత్రిక, రెండు పాత దీపావళి ప్రత్యేక సంచికలు, అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకున్న ఒక నవల ఉంటాయి. ఆ నవలలో ఏ సంభాషణ ఎక్కడ వస్తుందో ఆమె చూడకుండా చెప్పగలరు. దాని చివరి పేజీలో అదే రచయిత తర్వాత తేబోయే నాలుగు పుస్తకాల పేర్లు అచ్చయి ఉన్నాయి. ఇవి వచ్చాయా అని ఆమె పలకరించడానికి వెళ్లిన ప్రతివారినీ అడిగేవారు. మూడు వచ్చాయి, వాటిలో ఒకటి ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికిన రెండూ నేను తెచ్చి ఇచ్చాను. కానీ ఇరుగుపొరుగు మంచితనం మీద ఆధారపడి ఒక మనిషి ఎంతకాలం చదువుకోగలరు? అలాంటి ఇరుగుపొరుగు లేనివారి మాటేమిటి?

రెండో కొసన రచయిత ఉన్నారు. తెలుగులో పేరున్న రచయితలు కూడా చాలాసార్లు సొంత డబ్బుతోనే అచ్చు వేసుకుంటారు. ఐదు వందలు, ధైర్యం చేస్తే వెయ్యి కాపీలు. ప్రెస్ నుంచి ఆటోలో వచ్చిన కట్టలు మంచం కిందకు, అటక మీదకు చేరతాయి. ఆవిష్కరణ రోజున కొన్ని పోతాయి, అందులోనూ వేదిక మీది పెద్దలకు, మిత్రులకు ఉచితంగా ఇచ్చేవే ఎక్కువ. మిగిలినవాటిని, డబ్బు ఫోనులో పంపి చిరునామా రాసిన వారికి ఒక్కొక్కటే కవరులో పెట్టి, టేపు అంటించి, తపాలా కార్యాలయం వరుసలో నిలబడి పంపుకోవాలి. ఆ ఒక్క దారి కూడా మధ్యలో ఇరుకైంది. పుస్తకాలను తక్కువ ఖర్చుతో చేరవేసే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సేవను తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపేసింది. ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టాక, 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే కొత్త సేవ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. ఇది మంచి అడుగే, కాదనను. కానీ కట్టలు విప్పడం, చిరునామాలు రాయడం, అందలేదన్నవారికి మళ్లీ పంపడం రచయిత పనేనా? వచ్చే ఏడాది తెస్తానన్న నవల మూడేళ్లకు వస్తే మనం రచయితను బద్ధకస్తుడంటాం. ఆ సాయంత్రాలు ఎక్కడికి పోయాయో అడగం.

ఈ-పుస్తకాలున్నాయి కదా, ఆడియో ఉంది కదా, యూట్యూబ్‌లో ఎందరో కథలు చదివి వినిపిస్తున్నారు కదా అంటారు కొందరు. నిజమే, చూపు మందగించిన వారికి ఆడియో పుస్తకం వరం, ఆ పని చేస్తున్నవారికి నా నమస్కారం. అయితే తెలుగులో వచ్చే కొత్త పుస్తకాల్లో చాలావాటికి ఆ యోగం లేదు. ఉన్నవాటికీ ఖాతా తెరవాలి, యాప్ పెట్టుకోవాలి, కార్డుతో డబ్బు కట్టాలి. నేను చెప్పిన ఉపాధ్యాయురాలికి ఆ మూడూ నేర్పడం కన్నా ఒక పుస్తకం ఆమె చేతిలో పెట్టడం తేలిక, మర్యాద కూడా.

నేను కోరేది ఒక్కటే. రచయిత రాబోయే పుస్తకాన్ని ప్రకటించిన రోజే దానికి మొదటి కొనుగోలుదారుగా ప్రభుత్వ గ్రంథాలయం నిలబడాలి. కొన్న కాపీలను రాలేనివారి ఇంటికి తీసుకెళ్లాలి.

ఇది గాలిలో మేడ కాదు. నార్వే 1965 నుంచి ఇందులో సగం పని చేస్తోంది. అక్కడ కొత్తగా వచ్చే సాహిత్య పుస్తకాల్లో ప్రమాణానికి తగినవాటిని ప్రభుత్వ నిధులతో కొని దేశంలోని గ్రంథాలయాలకు పంచుతారు. మొదట్లో ఒక్కో పుస్తకానికి వెయ్యి కాపీలు కొన్నారు. అప్పటికి ఆ దేశ జనాభా 40 లక్షల లోపే. 2011 జనాభా లెక్కల నాటికే హైదరాబాద్ నగర జనాభా 67 లక్షలు దాటింది, తెలుగు మాతృభాషగా ఉన్నవారు దేశంలో 8 కోట్ల పైచిలుకు. అంత చిన్న దేశం తన భాషలో రాసేవారికి ఇచ్చిన భరోసా మనం ఎందుకు ఇవ్వలేం? వెయ్యి కాపీల ముందస్తు కొనుగోలు అంటే ఏమిటో ఏ తెలుగు రచయితనైనా అడిగి చూడండి. అచ్చుకు అప్పు చేయనక్కర్లేదు. బంగారం కుదువ పెట్టనక్కర్లేదు. ప్రకటించిన నెలకే పుస్తకం వస్తుంది. చిన్న ఊళ్లో ఉండి, సభలు పెట్టే స్తోమత లేక, పరిచయాలు లేక, రాసినదాన్ని ఫైలులోనే ఉంచుకున్న కొత్త రచయితకు మొదటి పుస్తకం వేసుకునే ధైర్యం వస్తుంది. మన భాషలో ఇంకా రాని పుస్తకాల్లో ఎన్ని ఇలా ఫైళ్లలో ఆగిపోయాయో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

డబ్బెక్కడిది అని అడగకండి. మీరే కడుతున్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద స్థానిక సంస్థలు ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ వసూలు చేస్తాయి. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. పది వేల రూపాయల ఆస్తి పన్ను మీద 800 రూపాయలు పుస్తకాల పేరుతో వెళుతున్నాయి. పన్ను రసీదు తీసి చూస్తే ఆ వరుస కనిపిస్తుంది. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదని, బకాయిలు పేరుకుపోతున్నాయని ఏళ్లుగా వింటున్నాం. పుస్తకాల కొనుగోళ్లు ఆగిపోవడం, మళ్లీ ఎప్పుడో కదలడం రచయితలకు అలవాటైపోయింది. పుస్తకం పాతబడ్డాక, రచయిత ఆశ వదులుకున్నాక వచ్చే ఆర్డరు ఎవరికి ఉపయోగం? గ్రంథాలయాలకు తోడ్పడటానికే రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి కేంద్ర స్థాయిలో ఉంది. దారులు లేక కాదు, అడిగేవారు లేక ఆగింది.

పుస్తకం మనిషిని వెతుక్కుంటూ వెళ్లడం మనకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ కరువైన రోజుల్లో, 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు వంటివారు హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం నెలకొల్పారు. సుల్తాన్ బజార్‌లో అది నేటికీ ఉంది. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో పనిచేస్తూ చదువు నేర్చుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టారు. అచ్చు వేయించడంతో ఆగలేదు, ఆ పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. నిజామాబాద్ జైలులో ఆయనతో కలిసి ఉన్న దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. 1949లో వచ్చిన తన తొలి కవితా సంపుటి 'అగ్నిధార'ను ఆయనకే అంకితం ఇచ్చారు. నాలుగు గోడల మధ్య రాసిన మనిషికి, పుస్తకాన్ని జనం దగ్గరికి మోసుకెళ్లే మనిషి విలువ తెలుసు. ఆంధ్ర ప్రాంతంలో పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు, గట్టు వెంట ఊళ్లవాళ్లు, పడవ ప్రయాణికులు చదువుకున్నారు. వీళ్లెవరికీ మోటారు బండి లేదు, గ్రంథాలయ పన్ను లేదు.

ఇప్పుడు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. కుర్చీ దొరకడం కష్టం. గ్రూప్స్, పోలీసు, ఉపాధ్యాయ ఉద్యోగాల పరీక్షలకు చదివే యువతీ యువకులు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. వాళ్లను చూసి గ్రంథాలయం స్టడీ హాలు అయిపోయిందని విసుక్కునేవారంటే నాకు కోపం. అద్దె గదిలో నలుగురితో ఉండే పిల్లలకు ఆ బల్లే దిక్కు. వాళ్లకు కావలసింది బల్ల, వెలుతురు, నిశ్శబ్దం. వాళ్ల వెనుక బీరువాల్లో ఉన్న నవలలు, కథలు కావలసినవారు అక్కడికి రాలేరు. కాబట్టి బల్లలను వాళ్లకు వదిలేసి, బీరువాల్లోని పుస్తకాలను బయటకు పంపండి. శాఖకు ఒక ద్విచక్ర వాహనం, ఒక మనిషి, పదిహేను రోజులకోసారి ఒక చుట్టు. ఫోను చేస్తే పేరు నమోదు చేసుకోవాలి. రెండు పుస్తకాలు ఇచ్చి, పాత రెండూ తీసుకోవాలి. రాబోయే పుస్తకాల జాబితా నెలకోసారి చదివి వినిపించి ఏది కావాలో రాసుకోవాలి. ఆ కోరికలనే కొనుగోలు ఆర్డరుగా మార్చాలి. ఎంపికలో పైరవీలు నడుస్తాయన్న భయానికి ఇంతకన్నా గట్టి విరుగుడు నాకు కనిపించదు. ఎవరు ఏ పుస్తకం అడిగారో చిట్టాలో ఉంటుంది.

ముందుగా నగర పాలక సంస్థ, గ్రంథాలయ సంస్థ కలిసి రెండు లెక్కలు బయటపెట్టాలి. నిరుడు నగరంలో గ్రంథాలయ పన్ను కింద ఎంత వసూలైంది, అందులో ఎంత పెట్టి కొత్త తెలుగు పుస్తకాలు కొన్నారు? రచయితల సంఘాలు సన్మాన సభలను కాస్త పక్కన పెట్టి ఈ లెక్క కోసం పట్టుబట్టాలి. వాళ్లు కదలకపోతే, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఏ పాఠకుడైనా దరఖాస్తు పెట్టవచ్చు. జవాబు వచ్చాక ఎన్ని పుస్తకాలతో మొదలుపెట్టాలో కూర్చుని మాట్లాడుకోవచ్చు. తొలి ఏడాది యాభై పుస్తకాలు, పది శాఖలు అన్నా నేను ఒప్పుకుంటాను.