పది మోడ్లు ఎవడడిగాడు? ముందు ఆ బటన్ సరిగ్గా పెట్టండి

విశాఖ పూర్ణా మార్కెట్‌లో పావుకిలో వంకాయలు కొనాలన్నా ముచ్చిక చూసి, నొక్కి, పుచ్చుందేమోనని తిప్పి చూసి మరీ సంచిలో వేయించుకుంటాం. రెండు మూడు వేలు పోసే వైబ్రేటర్ (లైంగిక సుఖానికి వాడే, వణికే పరికరం) దగ్గరికొచ్చేసరికి ఫోన్‌లో నాలుగు ఫొటోలు, కింద "10 మోడ్లు" అన్న ముక్క చాలు, ఆర్డర్ కొట్టేస్తాం. సీలు విప్పాక వాపసు తీసుకోరు. ఒంటికి తగిలే వస్తువు కాబట్టి అది న్యాయమే. కానీ చేత్తో పట్టి చూడకుండా కొంటామనీ, నచ్చకపోయినా పైకి చెప్పుకోమనీ తయారీదారులకి తెలుసు. అదే అలుసు.

ఇక్కడ మాట్లాడుతున్నది చిన్న బుల్లెట్ రకం గురించే. 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, బొటనవేలంత లావు, పైపైన వాడేది. ఇబ్బందిగా ఉన్నవాళ్లు ఇక్కడితో పైకి జరిపేసుకోవచ్చు, ఏం అనుకోం.

ముందు ఆ పది మోడ్ల, అంటే పది రకాల వణుకు తీరుల సంగతి. కొన్ని చవక బుల్లెట్లలో ఉండేది ఫోన్‌లో వైబ్రేషన్‌కి వాడే లాంటి బిళ్ల మోటారు. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 3 వోల్టులు, నిమిషానికి సుమారు 12,000 చుట్లు. అంటే సెకనుకి 200 సార్లు వణుకు. లోపల ఒక పక్కకి బరువున్న చిన్న ముక్క గిర్రున తిరుగుతుంది, ఆ తూగు వల్లే వణుకు పుడుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. వేగం సగానికి తగ్గిస్తే వణుకు బలం సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. పైగా ఈ మోటారు కదలడం మొదలెట్టడానికే రెండు వోల్టుల పైన కావాలి. అందుకే "లో" అని రాసిన స్పీడు కూడా దాదాపు పై స్పీడులాగే జోరీగలా రొద పెడుతుంది. నెమ్మదైన, లోతైన వణుకు ఇవ్వాలంటే బరువు పెద్దదిగా ఉండి తక్కువ చుట్లు తిరిగే గొట్టం మోటారు వేయాలి. దానికి డబ్బూ కావాలి, చోటూ కావాలి. మోడ్లకి మాత్రం పైసా ఖర్చు లేదు, చిప్‌లో నాలుగు లైన్ల కోడ్ చాలు. ఆపి ఆపి కొట్టేది, అల లాంటిది, డప్పు దరువు లాంటిది... ఏడెనిమిదింటిని జనం ఒకసారి నొక్కి చూసి మళ్లీ ఆ దిక్కుకి పోరు. మూడు స్పీడులు నిజంగా మూడు రకాలుగా ఉంటే చాలు, మిగతాదంతా పైన పటారం.

ఇక సౌకర్యం. దీన్ని తేల్చేది మెత్తదనం కాదు, వణుకు ఎటు పోతోందన్నది. మోటారు కొనలో ఉండాలి, బ్యాటరీ బరువు వెనక ఉండాలి. అప్పుడు కొన వణుకుతుంది, పట్టుకున్న చోటు నెమ్మదిగా ఉంటుంది. మోటారుని నడిమధ్యలో పెట్టి, 30 గ్రాముల ప్లాస్టిక్ డొల్లలో మూసేస్తే మొత్తం ఒకే తీరుగా ఊగుతుంది. సగం వణుకు వేళ్లే మింగేస్తాయి, పది నిమిషాలకి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. పార్శిల్ రాగానే కడిగి, ఆన్ చేసి, వెనక భాగాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కొనని మణికట్టు లోపలి వైపు ఆనించండి. వేళ్లలో వణుకు మణికట్టు కంటే ఎక్కువగా తెలిస్తే డిజైన్ తలకిందులైనట్టే. ముక్కు కొసకి ఆనించి చూడటం కూడా మంచి పరీక్ష, కితకితగా దురద పెడితే సన్న వణుకు, లోపలికి దిగినట్టుంటే లోతు వణుకు. ఒంటిమీద వచ్చే తిమ్మిరి మామూలుగా కాసేపట్లో పోతుంది. శాశ్వతంగా స్పర్శ పోతుందనే ప్రచారానికి ఆధారం లేదు. నొప్పి, మంట, పుండు ఉంటే మాత్రం ఆపేసి గైనకాలజిస్టుకి చూపించాలి.

బటన్ గురించి రాయాలంటే బీపీ పెరుగుతోంది. ఒకే బటన్, పది మోడ్లు, వెనక్కి పోయే దారి లేదు. మూడోది బాగుందనుకునేలోపు వేలు తగిలి నాలుగోదానికి పోతుంది, మళ్లీ మూడోదానికి రావాలంటే తొమ్మిది నొక్కులు. ఆపాలంటే మూడు సెకన్లు అదిమి పట్టాలి. అత్తగారూ ఆడపడుచులూ ఉన్న రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఎవరైనా తలుపు తట్టినప్పుడు మూడు సెకన్లంటే ఎంతో డిజైన్ చేసినాయనకి తెలుసా? పెంచడానికి ఒకటి, తగ్గించడానికి ఒకటి, ఒక్క నొక్కుకి ఆగిపోవడం. ఇంతే కావాల్సింది. బటన్ కొంచెం గుంటలో ఉండాలి, అంచు వేలికి తెలియాలి, తడి చేత్తో జారకూడదు. సరిగ్గా పట్టుకునే చోటే బటన్ పెట్టినవాళ్లు దాన్ని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదని అర్థం. ప్రయాణాల్లో బ్యాగులో దానంతటదే మోగకుండా లాక్ ఉండటం విలాసం కాదు, అవసరం.

పదార్థం దగ్గర విశాఖవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఒంటికి మంచిది సిలికాన్, లేదా గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్. రెండూ చెమ్మ పీల్చవు. టీపీఈ (రబ్బరులా సాగే మెత్తని ప్లాస్టిక్), జెల్లీ రకాలకి సన్నని రంధ్రాలుంటాయి, ఎంత కడిగినా లోపలిది పోదు. మే నెల ఉక్కకి నూనె కూడా వదులుతాయి. ఇలాంటిది ఇప్పటికే కొనేసి ఉంటే కండోమ్ తొడిగి వాడటం మేలు. అన్నిటికంటే పెద్ద మోసం "సిలికాన్ టచ్" అన్న మాట. అది సిలికాన్ కాదు, ప్లాస్టిక్ మీద కొట్టిన రబ్బరు పెయింటు. పాత గొడుగు పిడి, కారు డ్యాష్‌బోర్డు బటన్లు కొన్నాళ్లకి జిగురుజిగురుగా అయిపోవడం చూసే ఉంటారు, ఇదీ అంతే. గాలిలో తేమకి ఆ పూత విడిపోతుంది. లాసన్స్ బే నుంచి ఎంవీపీ కాలనీ దాకా కిటికీ ఊచల్నే మిగల్చని ఉప్పుగాలి దీన్ని వదులుతుందా? వాసన చూడండి. మంచి సిలికాన్‌కి వాసన ఉండదు.

అతుకుల్ని గోరుతో గీసి చూడండి. గోరు ఆగిందంటే మురికీ ఆగుతుంది. సువాసన లేని తేలికపాటి సబ్బు, గోరువెచ్చని నీళ్లు, అతుకు దగ్గర మెత్తని టూత్‌బ్రష్, తర్వాత పొడి బట్ట. స్పిరిట్, డెటాల్ వద్దు. మోటారున్నదాన్ని మరిగించకూడదు. డబ్బా మీద నీటి రక్షణ గుర్తుగా వేసే ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని, అంతే. సబ్బునీళ్లకి, వేడినీళ్లకి, సముద్రపు నీళ్లకి ఆ హామీ లేదు.

అయస్కాంతం చార్జర్ ఉంటే ఆ రెండు పిన్నుల చుక్కల్ని పూర్తిగా తుడిచి, ఆరాకే తగిలించండి. తడితో చార్జింగ్ పెడితే కరెంటు ఆ చెమ్మలోంచి పారి పిన్నులు పచ్చగానో నల్లగానో తుప్పెక్కిపోతాయి. టైప్-సి వాటిలో ఇంకో తమాషా. పరికరం తగిలిందని చార్జరుకి తెలియజేసే రెండు చిన్న రెసిస్టర్లని, పైసల్లో దొరికేవే, మిగుల్చుకుందామని వదిలేస్తారు. దాంతో రెండువైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఎక్కదు, పాడైందనుకుని పారేస్తారు జనం. పాత వెడల్పు యూఎస్‌బీ అడాప్టరుకి పెట్టి చూడండి, ఎక్కుతుంది. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో దాచి మూడు నెలలకోసారి ఎక్కించాలి. పూర్తిగా ఖాళీ అయితే లిథియం బ్యాటరీ చచ్చిపోతుంది. నూలు సంచిలో, ఒక సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. అక్టోబరు తుఫాన్లకి బీరువాలో చీరలకే బూజు పడుతుంది మరి.

జారుడు కోసం రాసుకునే జెల్ నీటి ఆధారితమే వాడండి. సిలికాన్ జెల్ సిలికాన్ ఉపరితలాన్ని పాడుచేయొచ్చు. కొబ్బరినూనె కండోమ్ రబ్బరుని చివికిపోయేలా చేస్తుంది. గ్లిజరిన్ బాగా ఎక్కువున్నవి కొందరికి మంట పుట్టిస్తాయి. మరో మాట, బుల్లెట్‌కి వెనక వెడల్పు అంచు ఉండదు కాబట్టి మలద్వారం వైపు వాడకూడదు. లోపలికి జారిపోతే ఇంట్లో తీసుకోవడం కుదరదు, ఆస్పత్రికి పోవాల్సిందే.

చప్పుడు విషయంలో డబ్బా మీది డెసిబెల్ అంకెని నమ్మకండి, ఎంత దూరం నుంచి కొలిచారో రాయరు. దుప్పటి కింద ఆన్ చేసి, ఫ్యాను ఆపి, తలుపు మూసి బయటినుంచి వినండి. టేకు మంచం చెక్కకి తగిలితే మాత్రం ఎంత నెమ్మదైనదైనా పక్కగదికి కబురు పంపేస్తుంది.

మన దేశంలో ఇవి ఎక్కువగా "పర్సనల్ మసాజర్" పేరుతోనే తిరుగుతాయి. బాడీ మసాజర్లని అశ్లీల వస్తువులంటూ కస్టమ్స్ పట్టుకున్న కేసులో 2024లో బాంబే హైకోర్టు ఆ వాదనని ఒప్పుకోలేదు. మంచిదే. కానీ మసాజర్ అనే ముసుగు తయారీదారుకీ పనికొస్తోంది. భుజానికి వాడే వస్తువన్నట్టు రాసేసి, సున్నితమైన చోట తగిలే పదార్థం ఏమిటో చెప్పకుండా తప్పించుకుంటాడు. ఇలాంటి వాటికోసమే ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం 2021లో వచ్చింది. డబ్బా మీద ఆ మాట ఉందేమో వెతకండి.

రివ్యూలు చూసి కొందామా అంటే అవి ఇంకో బాధ. "ప్యాకింగ్ సూపర్, వాచ్‌మన్‌కి అనుమానం రాలేదు" అని ఐదు స్టార్లు. ఎన్ని నిమిషాలకి వేళ్లు తిమ్మిరెక్కాయో, బటన్ ఏ వేలికి తగులుతోందో, ఆరు నెలల తర్వాత ఆ పిన్నులు ఏ రంగులో ఉన్నాయో ఒక్కరూ రాయరు.