మెదడుకు సంజాయిషీ నోటీసు

నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్న బాధ్యతగల తండ్రిని. ఇద్దరు పిల్లల ఫీజులు వాయిదాల్లో కడుతున్నవాణ్ని. చాలా రోజులు ఆలోచించాక ఒక సంగతి తేలింది. మా ఇంట్లో చదువు అనుకున్నంతగా సాగకపోవడానికి కారణం పిల్లలు కాదు. స్కూలు కానే కాదు, వాళ్లు రోజూ డైరీలో సంతకం అడుగుతూనే ఉన్నారు. మేమైతే అసలే కాదు. తప్పంతా మెదడుది.

రసీదులు నా దగ్గర ఉన్నాయి. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బెల్టు, చివరికి అట్టలు వేసే బ్రౌన్ పేపర్ కూడా స్కూలు కౌంటర్‌లోనే కొన్నాం. మా వైపు నుంచి జరగాల్సిందంతా జరిగిపోయింది. మెదడు మాత్రం సిలబస్ చూడకుండా, ఎవరినీ అడగకుండా, తనకు తోచిన వరసలో పెరుగుతోంది. అందుకే ఈ నోటీసు. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మొదట దాని వేగం సంగతి చూద్దాం. బిడ్డ పుట్టినప్పుడు మెదడు పెద్దవాళ్ల మెదడులో పావు వంతు సైజే ఉంటుంది. ఆరేళ్లు వచ్చేసరికి తొంభై శాతం సైజుకు చేరిపోతుంది. ఇంత జోరుగా పెరిగే ఆస్తిని చూసి ఏ హైదరాబాదీ చేతులు కట్టుకుని కూర్చుంటాడు? 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన ఊరు మనది. పైగా 2020 జాతీయ విద్యా విధానంలోనే రాశారు, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని. ఆ మాట తర్వాత ఆటపాటలతో నేర్పాలనీ, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలనీ ఇంకా ఏదో ఉందట. అంత దూరం మేం చదవలేదు. మాకు అర్థమైంది ఒక్కటే. 85 శాతం సిలబస్ ఆరేళ్లలోపే పూర్తవ్వాలి.

ఆ లెక్కన మా చిన్నవాణ్ని రెండేళ్ల ఎనిమిది నెలలకే ప్లేస్కూల్ ఇంటర్వ్యూకు తీసుకెళ్లాం. అప్పటికే ఆలస్యమైందని పక్క ఫ్లాట్ వాళ్లు అన్నారు. మేడం వాణ్ని పేరు అడిగింది. వాడు ఆమె గాజులు పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది. మా ఆవిడకు చెమటలు పట్టాయి.

ఆ వయసులో మెదడులో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త కనెక్షన్లు పుడతాయట. సరే, బాగానే ఉంది. కానీ పుట్టినవన్నీ ఉంచుకోదు. వాడుకలో ఉన్నవాటిని గట్టిపరచుకుని, వాడని వాటిని తనే తీసేస్తుంది. ఆక్రమణలు కూల్చే మన హైడ్రా బుల్డోజర్లకైనా కోర్టు నుంచి స్టే తెచ్చుకోవచ్చు, దీనికి అదీ లేదు. మరి ఏం ఉంచుకుంది? నేను ఎనిమిది వందలు పోసి కొన్న ఫ్లాష్ కార్డులు పోయాయి. గిన్నె మీద గరిటెతో కొడితే ఎలాంటి చప్పుడు వస్తుందో అది ఉంది. బకెట్లో నీళ్లు ఎటు పారుతాయో ఉంది. మా అమ్మ అన్నం కలుపుతూ చెప్పే ముచ్చట్లు పొల్లు పోకుండా ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్నవాటిని కూల్చి, ఊరికే వచ్చినవాటికి పట్టా ఇచ్చిన మెదడును ఏమనాలి?

మా కాలంలో ఇంత ఖర్చు లేదు. వస కొమ్ము సానరాయి మీద అరగదీసి నాలుకకు రాస్తే మాటలు వచ్చేవి. నాకు కొంచెం ఎక్కువే పోసినట్టున్నారు, అందుకే ఈ కాలమ్ రాస్తున్నాను. తర్వాత బాసరలో అక్షరాభ్యాసం, ఇంటికొచ్చి పలక. అంతే. ఇప్పుడు మెదడుకు ఒక మార్కెట్టే ఉంది, మేం దాన్ని నిరుత్సాహపరచలేదు.

చిన్నవాడికి నాలుగేళ్లప్పుడు వేలిముద్రల టెస్టు చేయించాం. పది వేళ్ల ముద్రలు, ఆరు వేల రూపాయలు తీసుకుని ముప్ఫై పేజీల కలర్ రిపోర్టు ఇచ్చారు. మావాడు 'రైట్ బ్రెయిన్' పిల్లాడట. డాక్టర్ గానీ, ఇంజనీర్ గానీ, కళాకారుడు గానీ, క్రీడాకారుడు గానీ, వ్యాపారి గానీ అయ్యే అవకాశం ఉందట. ఇంత కచ్చితంగా ఏ జ్యోతిష్యుడూ చెప్పలేదు. వేలిమీద గీతలు తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి, వాటినిబట్టి తెలివిని చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ అంది. అననీ. వాళ్లు కలర్ ప్రింట్ ఇవ్వరు కదా. మెదడు కుడి సగం, ఎడమ సగం విడివిడిగా దుకాణాలు పెట్టుకోవనీ, వాటి మధ్య దాదాపు ఇరవై కోట్ల నరాల పోగులతో మన దుర్గం చెరువు తీగల వంతెన లాంటిది ఒకటుందనీ, రాకపోకలు ఎప్పుడూ ఆగవనీ మా బావమరిది చెప్పబోయాడు. వాడికి ఏదీ నచ్చదు.

పెద్దమ్మాయి విషయంలోనూ వాడు ఇలాగే చేశాడు. మూడో తరగతిలో ఉండగా ఆమెకు 'మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్' చేయించాం. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు రోజుల వర్క్‌షాప్. కళ్లకు గంతలు కట్టుకుని పుస్తకం చదువుతారన్నారు. నిజంగానే చదివింది, రంగులు కూడా చెప్పింది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఇంటికొచ్చాక మా బావమరిది అమ్మాయి ముఖానికీ పుస్తకానికీ మధ్య ఒక అట్టముక్క అడ్డం పెట్టాడు. చదువు ఆగిపోయింది. "ముక్కు పక్కన సందు ఉంది బావా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మిడ్ బ్రెయిన్ అంటే కనుగుడ్లు తిప్పడం, వెలుతురుకూ చప్పుడుకూ చటుక్కున అటు తిరగడం లాంటి పనులు చూసుకునే భాగమట. అది ఇంతకాలం పనిచేయకుండా ఉంటే పిల్ల మన ముందు ఇలా నిలబడి ఉండేదే కాదట. ఉండవచ్చు. వర్క్‌షాప్ వల్ల అమ్మాయికి ఒక నైపుణ్యమైతే అబ్బింది. ముక్కు పక్కనుంచి చూడటం. అది ఆమెకు స్లిప్ టెస్టుల్లో బాగా పనికొస్తోందని టీచర్ తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి చెప్పారు.

మోజార్ట్ అనే పాతకాలపు పాశ్చాత్య సంగీతకారుడి బాణీలు వింటే తెలివి పెరుగుతుందంటారే, ఆ సంగతి కూడా చెప్పాలి. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు రోజూ గంటసేపు ఆ సంగీతం వినిపించాను. మా అమ్మ లాలిపాట పాడబోతే ఆపించాను కూడా. ఆ మాటకు మూలమైన ప్రయోగం 1993లో చేసింది కాలేజీ విద్యార్థుల మీదనీ, ఆ ఫలితం ఉన్నది పది పదిహేను నిమిషాలేననీ పిల్లలు పుట్టాక తెలిసింది. అయినా నేను ఒక్కణ్నే కాదు. 1998లో అమెరికాలోని జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇస్తానని బడ్జెట్‌లో డబ్బులు అడిగాడు. గవర్నరంతటివాడు బోల్తా పడగా లేంది, నిజాంపేటవాణ్ని నేనెంత?

ఇక అసలు నేరానికి వస్తాను. నిద్ర.

స్కూలు బస్సు ఆరూ నలభైకి వస్తుంది. మా వీధి దాకా రాదు, మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి ఐదున్నరకు లేస్తుంది. సాయంత్రం ఐదున్నరకు ఇంటికొస్తుంది. ఆరింటికి ట్యూషన్, ఎనిమిదికి ఐఐటీ ఫౌండేషన్ వర్క్‌షీట్, తర్వాత హోంవర్క్. పదకొండుకు పక్క మీదికి. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. అమ్మాయికి ఇంట్లో దొరికేది ఆరున్నర. మిగతాది బస్సులో కొంత, సోషల్ పీరియడ్‌లో కొంత సర్దుకుంటోంది. చిన్నవాడైతే యూకేజీ. బూటు ఒక కాలికి తొడిగి రెండోది తెచ్చేలోపు మళ్లీ నిద్రపోతాడు. మా అమ్మ నల్లగొండ నుంచి వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. "పొల్లగాన్ని ఇంకో గంట పండనియ్యిరాదు, గా బస్సు పోతే పోయింది" అంటుంది. ఆమెకు పోటీ ప్రపంచం తెలియదు.

మెదడు వాదన ఏమిటంటే, నేర్చుకున్నది నిలబడేది నిద్రలోనేనట. పగలు చదివిందంతా లోపల హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగంలో తాత్కాలికంగా ఉంటుంది. పిల్ల నిద్రపోయాక అది ఆ రోజు సంగతులను మళ్లీ తిరగేసి, కావలసినవాటిని కార్టెక్స్ అనే మెదడు పైపొరలో భద్రం చేయిస్తుంది. అంటే పగలు మేం ఇచ్చిన పనిని రాత్రి చేస్తోందన్నమాట! హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్ అంటే క్యాబ్ ఉంటుంది, అలవెన్స్ ఉంటుంది, మేనేజర్ అనుమతి ఉంటుంది. ఎవరి అనుమతితో ఇది నైట్ షిఫ్ట్ చేస్తోంది? నిద్ర కోసి అమ్మాయికి నాలుగు పాఠాలు ఎక్కువ చెప్పించాం. దాచే వేళ తగ్గింది గనుక దాచలేదంటోంది. స్టోరు రూముకు తాళం వేసి సరుకు వాకిట్లో దింపారని మమ్మల్నే అంటోంది.

తిండి విషయంలో దాని దుబారా చెప్పనలవి కాదు. పెద్దవాళ్లలో ఒంటి బరువులో రెండు శాతం ఉండి ఇరవై శాతం శక్తి తింటుంది. ఐదేళ్ల పిల్లల్లో అయితే రోజంతా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో నలభై శాతానికి పైగా దీనికే. మేం తక్కువేం చేయడం లేదు. ఆరున్నరకు పాలల్లో గోధుమరంగు పొడి కలిపి ఇస్తున్నాం, డబ్బా మీద మెదడు బొమ్మ స్పష్టంగా ఉంది. ముద్ద నోట్లోకి వెళ్లాలంటే ఫోన్‌లో రైమ్స్ పెట్టాలి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది గానీ, వాళ్లెవరూ మా చిన్నవాడికి పప్పన్నం తినిపించలేదు.

పోయిన నెల అమ్మాయి క్లాసులో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. డైరీలో మూడు వారాలుగా 'శ్రద్ధ లేదు' అని వస్తోంది, మేం మూడు వారాలుగా తిడుతున్నాం. డాక్టర్ రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది తొమ్మిదిన్నర ఉంది. ఇనుము తక్కువైతే మెదడుకు ఆక్సిజన్ సరిగా అందదనీ, నరాల మీద కరెంటు తీగ తొడుగులా ఉండే మైలిన్ తయారీకి కూడా ఇనుము కావాలనీ, ఇలాంటి పిల్లలు మగతగా, చిరాకుగా, పరధ్యానంగా కనిపిస్తారనీ చెప్పారు. సిరప్ రాసి, తోటకూర, మునగాకు, గుడ్డు, వీలైతే కార్జం పెట్టమన్నారు. అన్నంలో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటికి పడుతుందట, తినగానే టీ ఇస్తే పోతుందట. దేశంలో ఇంకెంతమందికి ఇలా ఉంటుందని అడిగాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందన్నారు. అంటే పోటీ ఇక్కడా గట్టిగానే ఉంది. మరి మెట్రో పిల్లర్ల మీద ఈ ర్యాంకులు ఎందుకు వేయరో? పాస్‌పోర్ట్ ఫోటో, కింద 'హిమోగ్లోబిన్ 9.5', ఆ కింద అడ్మిషన్లు జరుగుచున్నవి.

ఇవన్నీ మాకెవరూ చెప్పలేదనడానికీ లేదు. 1918లో కూనూరులో మొదలై 1958లో మన ఊరికి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. అమ్మాయిని ఒలింపియాడ్ కోచింగ్‌కు దాని ముందునుంచే తీసుకెళ్లేవాణ్ని. ట్రాఫిక్‌లో ఆ గేటు ఎదురుగా పది నిమిషాలు ఆగిన రోజులు కూడా ఉన్నాయి.

మరో విషయం. ముందుచూపు, నిగ్రహం, ఫోన్ పక్కన పెట్టగలగడం లాంటివి చూసుకునే మెదడు ముందుభాగం ఇరవై ఐదేళ్లు దగ్గరపడితే గానీ పూర్తిగా తయారవదట. పన్నెండేళ్ల పిల్లతో పదేళ్ల కెరీర్ ప్లాన్ రాయించిన ఓరియంటేషన్‌లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు నలభై రెండు, అంటే నాది తయారై పదిహేడేళ్లయింది. (రాత్రి ఒంటిగంట దాకా నేను రీల్స్ చూడటం ఇక్కడ అప్రస్తుతం.) కొంచెం టెన్షన్ పెడితేనే పిల్లలు చదువుతారని పెద్దలంటారు. కొంచెమైతే మేలే, రోజుల తరబడి ఉంటే మాత్రం గుర్తుపెట్టుకునే చోటే దెబ్బ తగులుతుందని డాక్టర్ అన్నారు. కొంచెం అంటే ఎంతో కొలిచే గిన్నె మా ఇంట్లో లేదు కనుక ఉజ్జాయింపుగా పెడుతున్నాం.

చివరిగా, మొన్న జూలైలో జరిగిన ఒక నష్టాన్ని నమోదు చేయాలి. గాలివానకు సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. మా అపార్ట్‌మెంట్ జనరేటర్ లిఫ్టుకూ, ఇంటికో లైటుకూ, ఫ్యానుకూ మాత్రమే వస్తుంది. వైఫై లేదు, ట్యూషన్ లేదు, ఆన్‌లైన్ వర్క్‌షీట్ తెరుచుకోలేదు. చిన్నవాడు బాల్కనీలో మా అమ్మ పక్కన చేరాడు.

"నాయినమ్మా, కరెంటు పోతే కప్పలకు తెలుస్తదా?"

"వాటికి ఎన్నడొచ్చింది బిడ్డా, పోనీకి?"

వాడు కాసేపు ఆలోచించి, మరి అవి చీకట్లో ఇంటికి ఎలా పోతాయని అడిగాడు. ఆమె ఏదో చెప్పింది, వాడు కాదన్నాడు, ఆమె మళ్లీ చెప్పింది. పెద్దమ్మాయి కూడా వెళ్లి మధ్యలో దూరింది. ఇలా పిల్లలొకటి అనడం, పెద్దవాళ్లు దానికి బదులివ్వడం, ఆ రాకపోకల్లోనే చిన్న మెదడుల్లో కనెక్షన్లు గట్టిపడతాయని ఎక్కడో చదివాను, కానీ ఇందులో సర్టిఫికెట్ రాదు. నేను గది నుంచి లెక్కపెడుతూనే ఉన్నాను. పూర్తిగా రెండు గంటలు వృథా. తొమ్మిదిన్నరకు ఇద్దరూ నిద్రపోయారు. మర్నాడు వానకు స్కూళ్లకు సెలవిచ్చారు, ఏడున్నర దాకా లేవలేదు. లేచాక అమ్మాయి పళ్లు తోముకుంటూ, ముందురోజు ఎంతకీ కుదరని భిన్నాల లెక్కకు జవాబు చెప్పేసింది. దీన్ని యాదృచ్ఛికమని రాసుకున్నాను.

ఇలాంటి నష్టం మళ్లీ జరగకూడదని ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో పట్టుబట్టాను. ఇకనుంచి ప్రతి ఫ్లాట్ వైఫైకీ ఇన్వర్టర్ కనెక్షన్ ఇవ్వాలని తీర్మానం చేశాం. ఏకగ్రీవం. మా అమ్మ ఏదో అనబోయింది గానీ, ఫ్లాట్ నా పేరు మీద ఉంది కాబట్టి ఆమెకు ఓటు లేదు.