ఇరవై ముగ్గురు, 253 జంటలు

(లెక్క నాది, గొడవ వాళ్లది. సంభావ్యత పాఠంలో, 23 మందిలో ఇద్దరి పుట్టినరోజులు కలిసే అవకాశం ఎంత అన్న ప్రశ్న అర్థం కాక నాన్నని అడిగాను. అమ్మ పక్క గదిలో ఉంది. ఆమెకి అవసరమైనవి ఎంత దూరం నుంచైనా వినబడతాయి, అదీ సగమే.)

నాన్న: ఇది చాలా సులువురా. మా సెక్షన్‌నే తీసుకో. 23 మందిమి ఉన్నాం. అందులో ఎవరో ఒక ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీ అయ్యే అవకాశం సగం కంటే ఎక్కువ. ఎందుకంటావ్? అక్కడ 253 జంటలున్నాయి.

అమ్మ: (గుమ్మంలోకి వచ్చి) ఎన్ని?

నాన్న: 253.

అమ్మ: ఉన్నది 23 మందే అన్నారుగా?

నాన్న: 23 మందే.

అమ్మ: అయితే మీ ఆఫీసులో పని ఎప్పుడు జరుగుతుందండీ?

నాన్న: అబ్బా, అది కాదే. ఎవరినైనా ఒకర్ని తీసుకో. మిగతా 22 మందిలో ఒక్కొక్కరితో అతనికి ఒక్కో జంట.

అమ్మ: ఒక్క మనిషికి 22 జంటలా!

నాన్న: అందరికీ అంతే. అదే ఇందులో అందం.

అమ్మ: అందమా? మరి మీరెన్నింట్లో ఉన్నారు?

నాన్న: నేనూ 22లో ఉన్నాను.

(ఈ మాట నాన్న గర్వంగా చెప్పారు. లెక్క కుదిరినప్పుడల్లా ఆయన గొంతు అలాగే ఉంటుంది. సమయం చూసుకోరు.)

అమ్మ: ఇంట్లో ఉన్న ఒక్క జంటకి తీరిక లేదంటారు. అక్కడ మాత్రం 22!

నాన్న: నేను చెప్పేదొకటి, నువ్వు వినేదొకటి. 23ని 22తో గుణిస్తే 506. దాంట్లో సగం 253.

అమ్మ: సగం ఎందుకు తీసేశారు? ఎవరిని దాచారు?

నాన్న: దాచడమేంటి? రెండుసార్లు లెక్కపెట్టకూడదు కదా. మా మేనేజరూ నేనూ అన్నా, నేనూ మా మేనేజరూ అన్నా ఒకే జంట.

అమ్మ: మీ మేనేజరు ఆవిడ కదూ?

నాన్న: ...అవును.

అమ్మ: 22 మంది ఉండగా ఉదాహరణకి ఆవిడే గుర్తొచ్చింది.

నాన్న: సరే, మా అటెండరు. ఆయనకి మీసాలున్నాయి. చాలా? వరస మారితే కొత్తగా లెక్కపెట్టేది ప్రస్తారం. వరసతో పని లేనిది సంయోగం.

అమ్మ: వాడి ముందు ఏం మాటలండీ అవి!

నేను: అమ్మా, అది పాఠం పేరు.

అమ్మ: పుస్తకాలే ఇలా ఉంటే మీ నాన్నని అని ఏం లాభం?

నాన్న: ఇంకోలా చెబుతాను విను. 23 మందీ ఒకరితో ఒకరు ఒక్కసారి చేతులు కలిపారనుకో...

అమ్మ: చేతులు కూడానా!

నాన్న: షేక్‌హ్యాండ్! 253 షేక్‌హ్యాండ్లు అవుతాయి. రేపు 24వ మనిషి చేరితే ఒకేసారి 23 కొత్త జంటలు వస్తాయి. మొత్తం 276.

అమ్మ: చేరిన మొదటి రోజే 23! కూర్చోవడానికి కుర్చీ అయినా చూపించారా ఆ మనిషికి?

నాన్న: 30 మంది అయ్యేసరికి 435 జంటలు. అప్పుడు రెండు పుట్టినరోజులు కలిసే అవకాశం 70 శాతం దాటుతుంది. 57 మంది ఉంటే 99 శాతం.

అమ్మ: ఇంక ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకోవద్దని చెప్పండి మీ మేనేజరుకి. చనువు ఎలాగూ ఉందిగా.

(నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది తుడుచుకోవాల్సినంత మురికిగా ఏం లేదు.)

అమ్మ: సరే, ఏడాదికి 365 రోజులుంటే 23 మంది ఏ మూలకి? ఎవరికి తోచిన రోజు వాళ్లు పుట్టొచ్చు.

నాన్న: అందరూ అలాగే అనుకుంటారు. కలిసే అవకాశాన్ని నేరుగా కట్టాలని చూస్తే చిక్కుల్లో పడతాం. ఎవరికీ ఎవరితోనూ కలవని అవకాశం ముందు కట్టాలి. మొదటివాడు ఏ రోజైనా పుట్టొచ్చు. రెండోవాడికి ఖాళీగా ఉన్నవి 364 రోజులు. మూడోవాడికి 363. అలా పోతే 23వ వాడికి 343. ఒక్కోదాన్నీ 365తో భాగించి, వచ్చినవన్నీ గుణిస్తే 0.493. దాన్ని ఒకటిలోంచి తీసేస్తే 0.507. అంటే దాదాపు 51 శాతం.

(ఇదంతా గబగబా రాసుకున్నాను. నాకు కావలసింది దొరికింది, లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఈ ఆట మధ్యలో వదిలి వెళ్లడానికి మనసు రాలేదు.)

అమ్మ: ఖాయంగా కలవాలంటే ఎంతమంది ఉండాలి?

నాన్న: 366 మంది. 365 రోజులూ నిండిపోతే ఆఖరివాడికి ఖాళీ ఉండదుగా.

అమ్మ: 367.

నాన్న: నీకు తెలియదులే, 366.

అమ్మ: సరే, మీ ఇష్టం.

(అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఏదో దాచి ఉంచిందని నాకు అర్థమైంది. నాన్నకి కాలేదు.)

అమ్మ: ఇంతకీ ఈ లెక్క మీరు కనిపెట్టారా?

నాన్న: నేనా! రిచర్డ్ ఫాన్ మీసెస్ అని గొప్ప గణితవేత్త. 1939లో దీని మీద వ్యాసం రాశాడు.

అమ్మ: ఆయనకి పెళ్లయిందా?

నాన్న: దానికీ దీనికీ ఏంటి సంబంధం? 1943లో హిల్డా గైరింగర్‌ని చేసుకున్నాడు. ఆవిడా గణితవేత్తే.

అమ్మ: చూశారా, జంటల లెక్కలన్నీ తేల్చుకున్నాకే పెళ్లి చేసుకున్నాడు. బుద్ధిమంతుడు.

నాన్న: ఇదేం కాగితం మీద లెక్క కాదు. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి 32 జట్లు వచ్చాయి. ఒక్కో జట్టులో 23 మంది. పుట్టినరోజు తేదీలు కలిసినవాళ్లు ఎన్ని జట్లలో ఉన్నారో తెలుసా? 16!

అమ్మ: 51 శాతం అన్నారు. ఇది సరిగ్గా సగమేగా?

నాన్న: 32లో 51 శాతం అంటే పదహారు చిల్లర. చిల్లర జట్టు ఎక్కడి నుంచి తేను?

అమ్మ: నన్నడిగితే? లెక్క చెప్పింది మీరు. సరే, మీ సెక్షన్‌లో ఎవరెవరివి కలిశాయి?

నాన్న: తెలియదు. అడగలేదు.

అమ్మ: 22 జంటల్లో ఉండి ఒక్కరినీ అడగలేదా? నాతోనే అనుకున్నాను, అక్కడా ఇంతేనన్నమాట.

(పాపం, నాన్నకి ఇది ఊరటో నిందో తెలియలేదు.)

అమ్మ: నా పుట్టినరోజే అక్కడ ఇంకెవరికైనా ఉంటుందా?

నాన్న: అది వేరే లెక్క. ఏదో ఒక జంట కలవడం తేలిక. ఫలానా తేదీతోనే కలవాలంటే కష్టం. మా 22 మందిలో నీ తేదీ వాళ్లు ఉండే అవకాశం 6 శాతం కూడా లేదు. సగం దాటాలంటే 253 మంది కావాలి.

అమ్మ: మళ్లీ 253 జంటలా!

నాన్న: ఈసారి జంటలు కాదు, మనుషులు.

అమ్మ: అప్పుడే విడిపోయారా?

నాన్న: (నా వైపు చూసి) మీ అమ్మకి నువ్వు చెప్పరా.

అమ్మ: వాడినెందుకు లాగుతారు? ఆ 6 శాతం ఏ తేదీకి కట్టారో మీరే చెప్పండి.

నాన్న: ఏ తేదీకైనా ఒకటే. 365లో ఒకటి.

అమ్మ: నా తేదీ ఏది?

(నాన్న మళ్లీ నా వైపు చూశారు. నేను పుస్తకంలో తల దూర్చాను.)

నాన్న: ఫిబ్రవరి...

అమ్మ: ఊఁ.

నాన్న: ఇరవై... తొమ్మిది.

అమ్మ: మీ 365లో అది ఎక్కడుంది?

(ఈసారి కళ్లజోడు తీయడం కూడా మర్చిపోయారు.)

నాన్న: లెక్క సులువవుతుందని ఆ ఒక్క రోజూ అందరూ వదిలేస్తారు. కలుపుకున్నా 23 మందే చాలు. జవాబు పెద్దగా మారదు.

అమ్మ: అంటే నేను పుట్టినా, పుట్టకపోయినా మీ జవాబు మారదన్నమాట.

నాన్న: ఆగాగు. నాలుగేళ్లకి 1461 రోజులు. అందులో నీది ఒక్కటే. అంటే సగటున 1461 మందిలో ఒక్కరు నీలా పుడతారు. ఆ ఒక్కరు నాకు దొరికారు.

అమ్మ: మిగతా 1460 మంది తప్పించుకున్నారు.

(అన్నదే గానీ, మూతి బిగించి నవ్వు ఆపుకుంటోంది. నాన్న అది కనిపెట్టేశారు. ఆయనకి లెక్కలు కాకుండా తెలిసింది ఇదొక్కటే.)

నాన్న: నువ్వన్న 367 కరెక్టే. 6 శాతమూ తప్పే. 22ని 1461తో భాగిస్తే ఒకటిన్నర శాతం. నీలాంటివాళ్లు అక్కడ ఇంకొకరు లేరని లెక్కే చెబుతోంది!

అమ్మ: తొంభై ఎనిమిదిన్నర శాతమే చెబుతోంది. ఆ ఒకటిన్నర ఎవరో రేపు అందరినీ అడిగి రండి.

నాన్న: అందరినా? 22 మందినీ?

అమ్మ: 21 మందిని. మీ మేనేజరుని నేనే అడుగుతాను, నంబరివ్వండి.